లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడపాలంటే ముందు అక్సెషన్ రిజిస్టర్ చదవడం రావాలి

ప్రశ్న: లైబ్రరీ సైన్సులో పీజీ (ఎం.ఎల్.ఐ.ఎస్సీ) చేశాను. గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో మూడేళ్లుగా అసిస్టెంట్‌గా చేస్తున్నాను. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపే మేనేజర్‌గా వెళ్లాలని ఉంది. ముందు పైథాన్ నేర్చుకోవాలా, ప్రాజెక్టు మేనేజర్ల సర్టిఫికెట్ పీఎంపీ చేయాలా? ఇంట్లోవాళ్లేమో ‘పుస్తకాలు దులిపే ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లి కోర్సు చెయ్యి’ అంటున్నారు. అసలు ఆ పనిలో రోజూ ఏం చేస్తారు? ఎలాంటి ఇష్టాలున్నవాళ్లకి పడుతుంది?

జవాబు:

ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తానమ్మా. పైథాన్ కొంత ఆగొచ్చు, పీఎంపీ ఇంకా ఆగొచ్చు, ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానొద్దు. నేనూ కాలేజీ లైబ్రరీలోనే మొదలుపెట్టాను. తర్వాత లైబ్రరీలకు సాఫ్ట్‌వేర్ పెట్టించే సంస్థలో చేరి, విజయవాడలో ఉంటూనే చాలా ఏళ్లుగా ఈ ప్రాజెక్టులు చూస్తున్నాను. కేవలం సర్వర్ పాడై ఆగిపోయిన ప్రాజెక్టు నాకు గుర్తులేదు. పుస్తకాల వివరాలు తప్పులతడకగా ఎక్కించినందుకో, కౌంటర్‌లో కూర్చునేవాళ్లను ఒక్క మాటైనా అడగనందుకో మూలపడ్డవి మాత్రం బోలెడు. ఆ రెండూ మీకు రోజూ కళ్లెదురుగా ఉన్నవే. బయట నుంచి వచ్చిన కంప్యూటర్ కుర్రాడికి అవి వంటబట్టించడానికి చాలా కాలం పడుతుంది. డేటాబేస్‌లోంచి వివరాలు తీసే ఎస్‌క్యూఎల్ భాష మీకు నేర్పడానికి అంత పట్టదు.

రోజూ ఏం చేస్తారని అడిగారు. హోదా పేరు పొడుగ్గా ఉంటుంది గానీ సంగతి ఇంతే. ఒక లైబ్రరీ రిజిస్టర్ల నుంచో, పాత సాఫ్ట్‌వేర్ నుంచో కొత్తదానికి మారుతుంది. ఆ కొత్తది కోహా కావచ్చు, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్ కావచ్చు, ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ కావచ్చు. మారేదాకా ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో చూసుకునేది, ఆగినచోట వెళ్లి కదిలించేది మేనేజర్. లైబ్రేరియన్ గారికి ఏం కావాలో కంప్యూటర్ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. వాళ్లకు ఎందుకు ఆలస్యమవుతోందో ప్రిన్సిపాల్ గారికి ఓపిగ్గా చెప్పాలి. సగం రోజు ఫోన్లతో పోతుంది, మిగతా సగం ఎక్సెల్ షీట్లతో. కోడ్ రాసే రోజులు తక్కువ.

కొత్త లైబ్రరీకి వెళ్లగానే నేను అడిగేది అక్సెషన్ రిజిస్టర్, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి వరసగా రాసే రిజిస్టర్. సర్వర్ గది తర్వాత చూడొచ్చు. రిజిస్టర్ గళ్లు మీకు తెలిసినవే: నంబరు, తేదీ, రచయిత, పేరు, ఎడిషన్, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, ధర, బిల్లు నంబరు, చివర రిమార్కులు. అసలు కథంతా ఆ చివరి గడిలోనే ఉంటుంది. ఎర్ర సిరాతో ఒకచోట ‘పోయినది, ఖరీదు వసూలు’, ఇంకోచోట లెక్కలోంచి తీసేశామంటూ ‘రైటాఫ్’, పక్కన ఎవరిదో పొట్టి సంతకం. డేటా ఎంట్రీకి వచ్చినవాళ్లకు రికార్డుకు ఇంతని లెక్క, కాబట్టి ఆ గడి జోలికి పోరు. దాంతో ఎప్పుడో పోయిన పుస్తకం కొత్త కేటలాగ్‌లో ‘అందుబాటులో ఉంది’ అని కనిపిస్తుంది. పిల్లలు ర్యాక్ అంతా వెతికి తిట్టుకుంటూ వెళ్తారు. వారం తిరక్కుండా ‘కొత్త సాఫ్ట్‌వేర్ బాగోలేదట’ అన్న పేరు పడిపోతుంది. పాపం సాఫ్ట్‌వేర్ చేసిందేమీ లేదు.

ఇంకో చిక్కు కాపీలది. ఫస్టియర్ గణితం పుస్తకం ఒకటే నలభై కాపీలుంటే రిజిస్టర్‌లో నలభై వరసలుంటాయి. రచయిత పేరు ఒక వరసలో పూర్తిగా, ఒక వరసలో పొడి అక్షరాలతో, ఇంకో వరసలో స్పెల్లింగ్ తేడాతో ఉంటుంది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తే పిల్లలకు అవి నలభై వేర్వేరు పుస్తకాలు. అన్నింటినీ పుస్తకం వివరాలుండే ఒక్క బిబ్లియో రికార్డు కిందకు తెచ్చి, కాపీలను ఐటమ్‌లుగా తగిలించాలి. ఎడిషన్ మారితే మాత్రం వేరే రికార్డు. ఏది కలపాలో ఏది విడదీయాలో తేల్చడానికి పుస్తకం చేతపట్టి టైటిల్ పేజీ వెనక్కి తిప్పి చూసే అలవాటు కావాలి. మీకు ఆ అలవాటు ఉండే ఉంటుంది.

తెలుగు పుస్తకాల దగ్గరకొస్తే పని ఇంకా రుచిగా ఉంటుంది. నాకు బాగా ఇష్టమైన భాగం కూడా ఇదే, కాస్త ఎక్కువ రాస్తే విసుక్కోకండి. ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్కులకు పుస్తకం మీదుండే ఐఎస్‌బీఎన్ నంబరు కొడితే, లైబ్రరీల మధ్య రికార్డులు వెతికి తెచ్చే జెడ్39.50 పద్ధతి ద్వారా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచో మరో పెద్ద లైబ్రరీ నుంచో రికార్డు వచ్చి పడుతుంది. మన పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఎక్కడిది? లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు 1962 నుంచి ఢిల్లీలో ఆఫీసు ఉంది, తెలుగు పుస్తకాలూ కొంటుంది. కానీ వాటి రికార్డుల్లో పేరు రోమన్ లిపిలో, అక్షరాల పైనా కిందా గీతలు చుక్కలతో ఉంటుంది. దాన్ని తెచ్చుకుని, కేటలాగ్ రికార్డు రాసే ప్రామాణిక పద్ధతి మార్క్ 21లో 880 ఫీల్డు వాడి తెలుగు లిపి జోడించుకోవచ్చు. లేదా మొత్తం మనమే టైపు చేసుకోవాలి.

రచయితల పేర్లు మరీ చిత్రం. ఒక కాలేజీలో వెండర్ పేర్లన్నిటికీ ఒకే స్క్రిప్టు నడిపాడు. చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుని ముందుకు తేవడం, కామా పెట్టడం. ఇంగ్లీషు పేర్లకు అది సరిపోయింది. మనకు ఇంటిపేరు ముందే ఉంటుందన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ‘విశ్వనాథ సత్యనారాయణ’ కాస్తా ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అయ్యారు. ఊళ్లో ఉన్న సత్యనారాయణలు, సుబ్బారావులు అందరూ ఒకే కుప్ప. ఇక కలంపేర్లు. శ్రీశ్రీ పుస్తకం ఒకటి ‘శ్రీశ్రీ’ అని, ఇంకొకటి ‘శ్రీరంగం శ్రీనివాసరావు’ అని ఎక్కితే, వెతికేవాడికి సగమే దొరుకుతాయి. అథారిటీ రికార్డు పెట్టి రెండు పేర్లనూ ఒకరికే కట్టాలి. ఇది ప్రోగ్రామర్‌కు తట్టే విషయం కాదు, మనం చెప్పాలి.

ఫాంట్ల గొడవ విజయవాడ, గుంటూరు లైబ్రరీల్లో తప్పించుకోలేనిది. ఇక్కడి డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని అను ఫాంట్లు ఎంతకాలం రాజ్యమేలాయో తెలుసుగా. లైబ్రరీ జాబితాలూ వాటిలోనే కొట్టించారు. ఆ ఫైలు కోహాలో ఎక్కిస్తే తెరమీద రోమన్ అక్షరాలు, గుర్తుల గజిబిజి వస్తుంది. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తు పక్క అక్షరానికి జరగడం, గుడి ఎగిరిపోవడం మామూలే. మార్చాక తెలుగు చదవడం వచ్చిన మనిషి ఒకసారి కూర్చుని చూడాల్సిందే. యూనికోడ్ అయ్యాక కూడా ‘కథలు’ అని ఒకరు, ‘కధలు’ అని ఒకరు కొడతారు. ‘సాఫ్ట్‌వేర్’లో మధ్య కనిపించని అక్షరం ఒకరు వేస్తారు, ఇంకొకరు ‘సాఫ్ట్వేర్’ అని వదిలేస్తారు. కంటికి చిన్న తేడా, సెర్చ్‌కు రెండూ వేర్వేరు మాటలు. కోహాలో వెతకడానికి జీబ్రా అనే ఇండెక్స్ వాడుతుంటే, అందులో సీహెచ్‌ఆర్ అనే పద్ధతి తీసి యూనికోడ్‌కు సరిపడే ఐసీయూ పద్ధతి పెట్టించాలి. లేకపోతే తెలుగులో వెతికినప్పుడు సరైన ఫలితాలు రావు. ఆ సెట్టింగ్ చేసేది లైనక్స్ మనిషే అయినా, తెలుగులో వెతికి చూసి ‘ఇది రావడం లేదు’ అని పట్టుకునేది మీరే.

మనుషుల సంగతికొద్దాం. అటెండర్ గారిని మీటింగుకు పిలవని ప్రాజెక్టు నాకు నచ్చదు. ఏ పుస్తకం ఏ ర్యాక్‌లో ఎందుకుందో, ఏ ర్యాక్‌కు చెద పట్టిందో ఆయనకే తెలుసు. బార్‌కోడ్ ఎక్కడ అంటించాలో ఆయన్నే అడగండి. అట్టమీద అంటిస్తే చేతులు తగిలి చెరిగిపోతుంది. మరీ లోపల, లైబ్రరీ గుర్తుగా స్టాంపు వేసే సీక్రెట్ పేజీలో ఆ స్టాంపు పక్కన అంటిస్తే కౌంటర్ దగ్గర ప్రతి పుస్తకానికీ పేజీలు తిప్పుకోవాలి, మధ్యాహ్నం లంచ్ టైములో క్యూ మెట్లదాకా వస్తుంది. ఇది చిన్న విషయమని ఎవరూ ప్లాన్‌లో రాయరు. వేల పుస్తకాలకు అంటించేశాక మార్చడం ఎవరి తరమూ కాదు.

టైమింగ్ ఇంకో తలనొప్పి. ప్రభుత్వ డబ్బయితే మార్చి 31లోపు ఖర్చుపెట్టాలి. అందుకని కొనడం మార్చిలో హడావిడిగా జరుగుతుంది, ‘ఏప్రిల్ ఒకటి నుంచి కొత్తదే వాడాలి’ అని ఆర్డర్ వస్తుంది. ఆ తర్వాత పరీక్షలు, వెంటనే ఫైనలియర్ వాళ్ల నో డ్యూస్. పాత సిస్టమ్‌లోని ఫైన్లు కొత్తదాంట్లోకి సరిగా రాకపోతే టీసీ కోసం ఊరినుంచి వచ్చిన తండ్రి కౌంటర్ దగ్గర నిలబడి అరుస్తాడు, అసిస్టెంట్‌కు టెన్షన్. నేనైతే బాకీలు తీరి, నో డ్యూస్ రద్దీ అయిపోయి, కొత్త అడ్మిషన్లు ఇంకా మొదలుకాని ఆ కాస్త ఖాళీలోనే మారుస్తాను. వేసవి స్టాక్ వెరిఫికేషన్ కూడా అప్పుడే జరుగుతుంది కాబట్టి డేటా సరిచూసే పనీ దాంతో కలిసొస్తుంది. ఈ సంగతి ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ చెప్పరు, మూడేళ్లు కౌంటర్‌లో ఉన్న మీకు అడగకుండానే తెలుసు.

పుస్తకానికి ట్యాగు అంటించి గేటు దగ్గర పట్టుకునే ఆర్‌ఎఫ్‌ఐడీ గురించి ఒక్క ముక్క. మేనేజ్‌మెంట్లకు గేట్లంటే మోజు, వచ్చినవాళ్లకు చూపించుకోవచ్చు. కేటలాగ్ శుభ్రంగా లేనిచోట ట్యాగులు అంటిస్తే గేటు అరుస్తుంది గానీ ఏ పుస్తకానికి అరిచిందో తేలదు. ముందు డేటా, తర్వాతే గేటు.

కాగితాల పని మీకు కొత్త. టెండర్లో ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ ధర, వచ్చినవాడికే పని వెళ్తుంది, అది మన చేతిలో లేదు. షరతులు రాయడం మన చేతిలో ఉంటుంది. ఎక్కించిన రికార్డుల్లోంచి కొన్ని యాదృచ్ఛికంగా తీసి ర్యాక్‌లోని పుస్తకంతో సరిచూసి, తప్పులు ఇంతకు మించితే బిల్లు ఆపుతామని ముందే రాయించండి. డేటా మొత్తం, వేరే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లడానికి వీలయ్యే ఐఎస్‌ఓ 2709 ఫార్మాట్‌లోనూ, డేటాబేస్ డంప్‌గానూ అడిగినప్పుడల్లా ఇవ్వాలని రాయించండి. ఈ వాక్యం లేనందువల్ల ఏడాది నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) దగ్గర తేడా వచ్చి, తమ పుస్తకాల జాబితా తామే తెచ్చుకోలేక కూర్చున్న లైబ్రరీలున్నాయి. బ్యాకప్ ఉందని వెండర్ అంటే నమ్మొద్దు, వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి చూపించమనండి. ఆ మెషిన్ వేరే చోట ఉంటే మరీ మంచిది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత కూడా సర్వర్‌నూ దాని బ్యాకప్ హార్డ్‌డిస్కునూ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒకే బీరువాలో పెట్టేవాళ్లను చూస్తే ఏమనాలో తెలియదు.

ఇక ఇష్టాల సంగతి. లైబ్రరీ అంటే ప్రశాంతంగా కూర్చుని చదువుకోవచ్చనుకుని వచ్చేవాళ్లు ఈ పనిలో ఇమడరు. జాబితాలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా చెయ్యి దురదపెట్టేవాళ్లు, అవతలివాళ్ల ఫిర్యాదు పూర్తయ్యేదాకా వినగలిగేవాళ్లు బాగా రాణిస్తారు. నాకు తెలిసిన మంచి మేనేజర్లలో చాలామందికి పుస్తకాల పిచ్చి వేరే రకంగా ఉంటుంది. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణం ముందు నిలబడితే కథకన్నా ముందు ప్రెస్ పేరు, ముద్రించిన ఏడాది, వెల చూస్తారు. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లూ ఉన్నారు. వర్గాలు పెట్టడం, ఒకే మనిషి పేరుమీద వచ్చిన రెండు పేజీలు కలపడం, మూలం లేని వాక్యం పట్టుకోవడం అచ్చంగా మన పనే. మీకు ఇలాంటి సరదాలేమైనా ఉంటే రెజ్యూమెలో సిగ్గుపడకుండా రాయండి. నేను ఇంటర్వ్యూలో ఆ లైనే ముందు చదువుతాను.

ఇంట్లోవాళ్ల ‘పుస్తకాలు దులిపే’ మాటకు వాదన అక్కర్లేదు గానీ, ఈ నేలమీద ఆ మాట అనడం నాకు కాస్త నొప్పిగానే ఉంటుంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలో. దాని వెనకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారు మరుసటి ఏడాదే ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక మొదలుపెట్టారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం గారు కాలవల మీద పడవలో పుస్తకాలు ఊరూరా తిప్పారు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల కోసం ఇప్పటికీ పరిశోధకులు వస్తారు. అలాంటి పాత సంచికలను స్కాన్ చేసి, వివరాలు చేర్చి, డీస్పేస్ లాంటి డిజిటల్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో వెతకడానికి వీలుగా పెట్టడం కూడా మన వృత్తిలో ఒక పెద్ద పాయ. మీకు అటు మొగ్గుంటే మెటాడేటా, అంటే ఆ వివరాలు రాసే పని మీద ఎక్కువ దృష్టి పెట్టండి. కోహా సంగతీ ఏమంత గొప్ప చోట మొదలవలేదు. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ, తమ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం రాగానే పనిచేయదని తెలిసి 1999లో రాయించుకుంది. 2000 జనవరికల్లా వాడకంలోకి వచ్చింది.

నేర్చుకునే వరస చెప్తాను. మొదట మార్క్ 21 గట్టిగా. 020, 082, 100, 245, 260, 650 ఈ ఫీల్డు నంబర్లు చూడకుండా చెప్పగలగాలి, కోహాలో కాపీ వివరాలుండే 952 కూడా. తెలుగు సాహిత్యానికి డ్యూయీ వర్గీకరణలో 894.827 అని మీకు చెప్పక్కర్లేదు. తర్వాత రికార్డులు సరిదిద్దే సాఫ్ట్‌వేర్లు మార్క్ఎడిట్, ఓపెన్‌రిఫైన్. రెండూ ఉచితమే. ఒకే రచయిత పేరు పది రకాలుగా ఉంటే ఓపెన్‌రిఫైన్ వాటిని గుంపులుగా చూపిస్తుంది, అది మొదటిసారి చూసినప్పుడు మీకే సరదా పుడుతుంది. ఆ తర్వాత ఎస్‌క్యూఎల్. కోహాలో రిపోర్టులు దాంతోనే రాసుకోవచ్చు. ఏడాదిగా ఒక్కసారీ ఇష్యూ కాని పుస్తకాల జాబితా మీ చేత్తో తీసి లైబ్రేరియన్ గారికిస్తే, ఆ రోజునుంచి కాలేజీలో మీ మాటకు విలువే వేరు. లైనక్స్ కొంచెం. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద డెబియన్ లైనక్స్ వేసి కోహా ప్యాకేజీ ఎక్కించండి, ఇంట్లో ఉన్న పుస్తకాలే కేటలాగ్ చేయండి. పైథాన్ ఇవన్నీ అయ్యాక, పదేపదే చేసే పని విసుగొచ్చినప్పుడు దానంతటదే అవసరపడుతుంది. పీఎంపీకి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకే 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం అడుగుతారు, కాబట్టి ఇప్పుడు దాని ఊసే వద్దు.

అవకాశాలు ఇక్కడే ఉన్నాయి. వడ్డేశ్వరం, వడ్లమూడి, నీరుకొండ, మంగళగిరి, మధ్యలో నాగార్జున యూనివర్సిటీ, గంట ప్రయాణంలో ఎన్ని పెద్ద లైబ్రరీలో లెక్కేసుకోండి. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్లు లైబ్రరీ ఆటోమేట్ అయ్యిందా, ఏ సాఫ్ట్‌వేర్ అని అడుగుతారు కాబట్టి ఆ గుర్తింపుకు వెళ్లే ముందు కాలేజీలకు మన అవసరం ఒక్కసారిగా గుర్తొస్తుంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 13,000కు పైగా జర్నళ్లు వస్తున్నాయి. ఆ లాగిన్లు పిల్లలందరికీ అందేలా చూడటం కూడా ఇప్పుడు లైబ్రరీ సిస్టమ్స్ మనిషి పనే. జీతం సంగతి దాచను. సాఫ్ట్‌వేర్ పెట్టించే చిన్న సంస్థల్లో మొదట మీకిప్పుడు వస్తున్నదానికి పెద్ద తేడా ఉండదు. ఒంటిచేత్తో ఒక ప్రాజెక్టు మొదలు నుంచి చివరిదాకా నడిపాక పెరుగుతుంది. ఇంకోవైపు యూజీసీ అర్హత పరీక్ష నెట్ కూడా రాసి పెట్టుకోండి. పీజీలో 55 శాతం, నెట్ ఉంటే యూనివర్సిటీ అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టుకు అర్హత. యూజీసీ స్కేల్లో మూలవేతనం 57,700తో మొదలవుతుంది. అక్కడ కూర్చుని కూడా ఇవే ప్రాజెక్టులు నడపొచ్చు, సొంత లైబ్రరీకి.

ఇంట్లోవాళ్లకు ప్రస్తుతానికి ‘ఉద్యోగంలో ఉంటూనే నేర్చుకుంటున్నాను’ అని చెప్పండి, అది నిజమే కదా. ఈ వారం ఒక పని చేయండి. మీ లైబ్రరీలో ఏదో ఒక ర్యాక్ నుంచి యాభై పుస్తకాలు తీసి, ఒక్కొక్కటి కేటలాగ్‌తో, రిజిస్టర్‌తో సరిచూసి తేడాలన్నీ ఒక షీట్‌లో రాయండి. అందులో పది తెలుగు పుస్తకాలైనా ఉండాలి. మీ కాలేజీలో ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, తెలుగు రికార్డులు యూనికోడ్‌లో ఉన్నాయా లేదా అన్నది కూడా ఇక్కడే కింద రాస్తే, ఆ షీట్ చూసి తర్వాత ఏది ముందు పట్టుకోవాలో చెప్తాను.